ఆరు ఓట్ల ఊరిలో ఓటు గుట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూహాంప్‌షైర్ అను చిన్న రాష్ట్రము గలదు. దాని ఉత్తర భాగమున, కెనడా సరిహద్దునకు సమీపమున, కొండల నడుమ డిక్స్‌విల్ నాచ్ అను పల్లె యున్నది. పల్లె యనుటయు ఎక్కువే. 2024లో అచట నమోదైన ఓటర్లు ఆరుగురు మాత్రమే. అయినను నాలుగేండ్ల కొకసారి దాని పేరు దేశదేశముల పత్రికల కెక్కును. 1960 మొదలు అచటివారు అధ్యక్షుని ఎన్నికనాడు అర్ధరాత్రి పండ్రెండు కాగానే ఓట్లు వేయుచున్నారు. నమోదైన వారందఱును ఓటు వేసినచో వెంటనే పోలింగు ముగించి లెక్కించుటకు ఆ రాష్ట్రపు చట్టము అనుమతించును. ఇతరులు నిద్ర లేవకముందే అచటి ఫలితము లోకమునకు తెలియును. అచటి బాల్సమ్స్ హోటలు యజమాని నీల్ టిలట్‌సన్, 2001లో 102 ఏండ్ల వయస్సున మరణించువఱకు, మొదటి ఓటు తానే వేయుచుండెను.

ఆ యేటి అంకెలు చూడుడు. 1960లో నిక్సనుకు 9, కెనెడీకి సున్న. దేశమున గెలిచినది కెనెడీ. 1968లో డెమొక్రాటిక్ పక్షమువాడగు హంఫ్రీకి 8, నిక్సనుకు 4, గెలిచినది నిక్సన్. పిదప నలువది యేండ్లు ఆ పల్లె రిపబ్లికన్ పక్షముననే నిలిచి, 2008లో ఒబామాకు 15, మెకెయినుకు 6 ఇచ్చెను. 2012లో చెఱి అయిదు. 2020లో బైడెనుకు 5, ట్రంపునకు సున్న. కావున ఈ పల్లెను చూచి దేశపు గాలి యెటు వీచునో చెప్పబూనుట వట్టి వేడుక.

మమ్మాకర్షించినది వేఱొకటి. జీవితమంతయు పద్దులు వ్రాసిన గుమాస్తాలము గనుక, మొత్తమును చూచి చిల్లరను ఊహించుట మాకు అలవాటు. అయిదింటికి అయిదు ఒకే వైపు పడినప్పుడు, పెట్టెకు ఎంత బలమైన తాళము వేసినను, ఆ అయిదుగురిలో ఎవరి గుట్టు మిగిలినది? వారిలో ఒకరు తాను ఆజన్మ రిపబ్లికన్ అయ్యును బైడెనుకే ఓటు వేయుదునని ముందే బాహాటముగ చెప్పెను. అది ఆయన యిష్టము. తక్కినవారి సంగతి లెక్కయే చెప్పివేసినది.

2024లో చిత్రము మఱింత సూక్ష్మము. ఆరుగురిలో నలుగురు రిపబ్లికనులుగ నమోదైనవారు, ఇద్దఱు ఏ పక్షమును చెప్పనివారు. ఫలితము హారిసుకు మూడు, ట్రంపునకు మూడు. పక్షము చెప్పని ఇద్దఱును హారిసుకే వేసిరనుకొన్నను, మూడవ ఓటు ఆ నలుగురిలో ఒకరిది కాక తప్పదు. ఎవరో ఒకరని ఊరికి తెలియును, ఎవరో తెలియదు. ఆ కొద్దిపాటి సందేహమే వానికి రక్ష.

ఓటు రహస్యముగ నుండవలయునా యనునది పాత ప్రశ్న. ఆంగ్లతత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్లు 1861లో, ఓటు సొంత ఆస్తి కాదు, లోకము మనకు అప్పగించిన ధర్మకార్యము, కావున పదిమంది యెదుట వేయదగునని వాదించెను. అప్పటికి అయిదేండ్ల ముందే ఆస్ట్రేలియా వలసలలో రహస్య పద్ధతి మొదలయ్యెను. ఇంగ్లండు 1872లో దానిని గైకొనెను. అమెరికాలో 1888లో మాసచూసెట్స్ అంగీకరించెను. భూస్వాముల బెదిరింపులు తగ్గినవని మిల్లు నమ్మెను. షావుకారు గుమ్మమున కూర్చుండగా ఓటునకు బయలుదేరు బాకీదారును ఆయన కొంత తేలికగ తలచెనని మా యభిప్రాయము.

ఈ కథ మనకేల యందురా? పరభాషా ప్రాంతములలో వీధికి పది యిండ్లుగ స్థిరపడిన మనకు ఇది దూరము కాదు. కాగితపు ఓట్ల కాలమున బెదిరింపులకు తావున్నచోట్ల పలు కేంద్రముల పత్రములను కలిపి లెక్కించుటకు నిబంధన యుండెను. యంత్రములు వచ్చిన పిదప ఏ కేంద్రము లెక్క దానికే తెలియుచున్నది. కేంద్రముల లెక్కలను కలిపి చూపు ఉపకరణమును 2008లో ఎన్నికల సంఘము కోరెను. 2015లో లా కమిషను సమర్థించెను. 2024 లోక్‌సభ ఎన్నికలనాటికి అది అమలులోనికి రాలేదు.

దీనికి తోడు మనలోనే కొందఱు పెద్దలు, ఈ వీధి తెలుగువారి ఓట్లన్నియు మీవే యని నాయకులకు మాట యిచ్చుచుందురు. రోడ్డో, బడిలో తెలుగు తరగతియో కోరియే ఇచ్చెదరు. దానిని మేము తేలికగ జూడము. కాని ఆ మాట ఏ కోడలి నడిగి, ఏ పిల్లవాని నడిగి యిచ్చిరి? లెక్కలో రెండు తగ్గిన మఱునాడు, ఆ రెండును ఏ యింటివో వెదకుటకు మొట్టమొదట బయలుదేరువాడు నాయకుడు కాదు, మాట యిచ్చిన ఆ పెద్దయే.