అనుమతి కాగితము, పక్క చేను

వనపర్తి



బిడ్డా, ఎర్రవల్లి చౌరస్తా దగ్గర మన పెద్దలు జొన్న పండించిన చేనులో ఫంక్షన్ హాలు కట్టించితివనియు, నాలా మార్పిడియు పంచాయతీ పర్మిషనును ముగిసినవనియు, ఇక దావతులకు మందు, బరాతులకు డీజే ఏ దారిన తెచ్చుకొనవలెనో, కచేరీలో ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసినవాడను గనుక నేనే చెప్పవలెననియు నీవు వ్రాసిన జాబు చేరినది. నీకు కావలసినది దరఖాస్తు నమూనా. నేను వ్రాయునది దానికంటె కొంత పొడవుగా నుండును, ఓర్చుకొనుము.

మందు సంగతి మొదట చెప్పెదను. 1968 నాటి ఆబ్కారీ చట్టమే నేటికిని మనకు ఆధారము. దాని క్రింద ఒక్క కార్యమునకు, ఒక్క తేదీకి ఇచ్చు ఈవెంటు పర్మిటు వేరు, నిత్యము అమ్ముకొను బారు లైసెన్సు వేరు. నెలకు ఇరువది ఈవెంటు పర్మిటులు తెప్పించి, ప్రతిసారియు ఎవరో ఒకరి పుట్టినరోజని పేరు పెట్టినచో, అది ఫంక్షన్ హాలు కాదు, పేరు మార్చుకొన్న బారు. చూచువారికి ఆ మాత్రము తెలియదనుకొనకుము. ఇరువదియొక్క యేండ్లు నిండని పిల్లవానికి గ్లాసు అందరాదు. మన జిల్లాకు మరియొక చిక్కు కలదు. పడమట రాయచూరు, దక్షిణమున కర్నూలు. వియ్యంకుడు ఆవలివాడైనచో కారు డిక్కీలో రెండు పెట్టెలు దిగుట మన పెండ్లిండ్లలో వింత కాదు. మన రాష్ట్రమున సుంకము కట్టని ఆ సీసా నీ ఆవరణములో దొరికినయెడల, పెండ్లివారు మరునాడు ఊరు దాటిపోవుదురు. కచేరీ మెట్లెక్కవలసినవాడవు నీవే.

ఇట్లు వ్రాయుచున్నానని నన్ను వేడుకలు గిట్టని ముసలివానిగా లెక్కింపకుము. బోనమునాడు అమ్మవారికి కల్లు సాక పోయని ఊరు మన పాలమూరున నేను చూచి ఎరుగను. మన ఇటిక్యాలపాడువారైన సురవరం ప్రతాపరెడ్డిగారు, రాజుల దండయాత్రలను విడిచి, జనుల తిండి, బట్ట, ఆట, పాట, పానము మొదలైనవానియందే జాతి చరిత్రను వెదకి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిరి. 1955లో తెలుగున కేంద్ర సాహిత్య అకాడమీవారి తొలి బహుమానము దానికే దక్కినది. వకీలుగా చట్టము చదివిన ఆయనయే, 1952లో ఈ వనపర్తినుండి శాసనసభకు గెలిచిన ఆయనయే, జనుల వేడుకను నీచమని త్రోసివేయలేదు. అట్టి విషయమును నీవు వ్యాపారముగా చేపట్టినందుకు నాకు చిన్నతనము లేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినప్పుడును, 1997లో అది సడలినప్పుడును నేను నౌకరీలోనే యుంటిని. తాగువాని నాలుకను ప్రభుత్వపు ఉత్తరువు మార్చునని ఆ రెండేండ్లలో నాకేనాడును తోచలేదు.

పాట సంగతి మందుకంటె కష్టము. సీసాకు మూత కలదు, శబ్దమునకు లేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి పదింటినుండి ఉదయము ఆరింటివరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు మ్రోగరాదు. నివాసప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. మూసిన హాలుకు కొంత వెసులుబాటు కలదు గాని, నాలుగు ప్రక్కల గాలి తోలు నీ రేకుల పందిరిని మూసిన హాలని వాదించుటకు వకీలు దొరకవచ్చును, నమ్ము చెవి దొరకదు. సినిమాపాటల హక్కుదారులకు పైకము కట్టవలెనా అని అడిగితివి. పెండ్లికిని, దాని ఊరేగింపునకును అక్కరలేదని 2023 జులైలో కేంద్రప్రభుత్వము స్పష్టపరచినది. టికెటు పెట్టి జరుపు కొత్త సంవత్సరపు రాత్రికి మాత్రము ఆ మినహాయింపు రాదు.

ఇంతవరకు చెప్పినది కాగితముల మాట. ఇక నా మాట విను. మా పెద్దదాని, అనగా మీ అత్త, పెండ్లినాడు మైకుసెట్టుకు నేను అనుమతి వ్రాయించుకొని అంగీ జేబులో పెట్టుకొంటిని. రాత్రి పదకొండు దాటిన తరువాత పక్కింటి రైతు వచ్చి పందిరి గుంజకు చేయి ఆనించి నిలుచుండెను. తెల్లవారుజామున మూడింటికి పల్లికాయ బండి కట్టుకొని గద్వాల పోవలసినవాడు, పాట తగ్గింపుమని అడుగుటకు వచ్చెనని నాకు తెలియును. ఆయన నోరు విప్పకమునుపే నేను కాగితము తీసి చూపితిని. చదువు రానివాడు, దానిని రెండు చేతుల పట్టుకొని, ముద్రవైపు చూచి, ఉన్న మడతలమీదనే మడిచి నాకిచ్చి, "మంచిది సారూ" అని వెళ్ళిపోయెను. మరునాడు పెండ్లికూతురును సాగనంపి మరలివచ్చుచుండగా, ఊరిబయటి మలుపున ఆయన బండి చక్రము కాలువలోనికి దిగియుండెను, బస్తా పిగిలియుండెను, ఆలుమగలిద్దరును దుమ్ములోనుండి కాయలను పిడికిళ్ళతో ఏరుచుండిరి. పగ్గములు చేతనుండగనే ఆయనకు కునుకు పట్టినదట. నన్ను చూచి తలపంకించెనే గాని ఒక్క మాటయు అనలేదు. నేనును బండి దిగలేదు. ఆ కాగితము ఇప్పటికిని నా పెట్టెలో నున్నది, గడువు తీరినది.

నీ హాలు పక్కది సీడుపత్తి చేను గదా. ఆ పని నీకు తెలియనిది కాదు: పగలు మలివేళ మొగ్గలు విప్పి, మరునాటి ఉదయము మగపూవుతో ఒక్కొక్కదానికి క్రాసింగు చేయవలెను, ప్రొద్దెక్కినచో ఆ పూవు పోయినట్లే. శ్రావణమున నీకు పెండ్లిండ్లు ముసురుకొను దినములును, ఆ చేనికి కూలీలు ఊపిరాడక పనిచేయు దినములును ఒక్కటియే. పదింటివరకు నీకు హక్కున్నమాట నిజము. తొమ్మిదింటికి ఆపినయెడల ఎవ్వరును నీకు జరిమానా వేయరు.

మరియు నీ హాలు ముందర 44వ నెంబరు రహదారి. అట్టి రోడ్ల అంచున మద్యపు అమ్మకము వలదని 2016 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము 500 మీటర్ల హద్దు గీచినది, చిన్న ఊళ్ళకు తరువాత దానిని 220 మీటర్లు చేసినది. హద్దుల తగవు పిమ్మట ఎన్ని మలుపులు తిరిగినను, తాగి బీచుపల్లి వంతెన ఎక్కువాని కన్ను ఆ కొలతలను ఎరుగదు. వంద మిల్లీలీటర్ల రక్తమున ముప్పది మిల్లీగ్రాములు దాటినచో నేరము. పర్మిటు రుసుముతోపాటు రెండు జీపుల కిరాయి పెండ్లివారి లెక్కలో ముందే వ్రాయుము. అడిగినవారికి పడకలుగా నాలుగు మంచములు వేయించుము.

వచ్చే ఆదివారము పెబ్బేరు మీదుగా బస్సులో వచ్చి ఎర్రవల్లిలో దిగెదను. డీజేవానిని పిలిపింపుము, రెండు బాక్సులు చాలును. చీకటి పడిన తరువాత నీవు హాలులో పాట పెట్టుము; నేను పక్క చేనివారి అరుగుమీద వారితో కూర్చుండి, ఇక చాలునని ఆ ఇల్లాలు చెప్పువరకు నీకు ఫోను చేయుచుండెదను, నీవు మీట తగ్గించుచుండుము. అది ఎక్కడ ఆగునో అక్కడ ఎర్రరంగుతో గీత పెట్టింపుము. రాత్రికి నాకు జొన్నరొట్టె చాలును. పండ్లు తక్కువ, పలుచగా తట్టమనుము.

మీ చిన్నతాత