నిద్రించు వేరు

ధ్యానభాగములు: యోబు 14:7–9, మత్తయి 13:24–30, లూకా 11:24–26, యోహాను 9:1–3



తుంగ మొలచిన మడిలో కలుపు తీయువారికి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. పీకిన గడ్డి గట్టుమీద ఎండుచుండగనే, మట్టిలో మిగిలిన గడ్డనుండి మరల మొలక లేచును. కాలేజమునకు (లేవీయకాండములో ఈ అవయవము పేరు ఇదే) కాన్సరు వచ్చినప్పుడు జరుగునదియు కొంత ఇటువంటిదే. వైద్యులు కంతిని కోసి తీసెదరు, మందులిచ్చెదరు. ఇంటివారు స్తుతికూడిక పెట్టుకొందురు. కొందరికి కొన్ని నెలలకో సంవత్సరములకో అది తిరిగి వచ్చును. నరకబడిన చెట్టు మరల చిగుర్చుటను యోబు ఆ చెట్టునకు నిరీక్షణగా చెప్పెను. ఇక్కడ అదే భయము.

1994లో కెనడాలోని టొరొంటోలో జాన్ డిక్ అనువారును తోటి శాస్త్రజ్ఞులును రక్త కాన్సరును పరిశోధించి, అందలి కణములన్నియు సమానము కావనియు, బహు కొద్ది కణములే ఆ రోగమును ఎలుకలలో తిరిగి మొలిపింపగలవనియు చూపిరి. వీటిని కాన్సరు మూలకణములందురు. తరువాత కాలేజములోను ఇట్టివాటిని వెదకిరి. 2010లో జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన సంగతి మాకు మిక్కిలి ఆలోచన పుట్టించినది. కాలేజపు కంతిలో సీడీ13 అను గురుతుగల కణములలో అనేకము నిద్రించుచున్నవి, అనగా పెరుగక ఊరకున్నవి. కాన్సరు మందు సాధారణముగా చురుకుగా పెరుగు కణములను కొట్టును, నిద్రించునవి తప్పించుకొనును. ఉబెనిమెక్స్ అను మందుతో సీడీ13ను అడ్డగించి, దానితోకూడ ఫ్లోరోయురాసిల్ అను కాన్సరు మందు నిచ్చినప్పుడు, వాటిలో ఏ ఒక్కటి ఇచ్చినదానికంటెను కంతి ఎక్కువగా తగ్గెను. ఇది ఎలుకలలో చూచిన ఫలితము. రోగులకు స్వస్థత దొరికినదని ఎవరును దీనినిబట్టి చెప్పరాదు.

ఇంతవరకు వినగానే మన ప్రసంగీకులు “పాపము” అందురు. ఆ పోలిక అబద్ధము కాదు. ఊడ్చి అమర్చిన ఇంటికి అపవిత్రాత్మ మరి ఏడింటిని తోడుకొని వచ్చుటను ప్రభువే చెప్పెను. ఉజ్జీవ కూటములలో సారా మానినవాడు లేచి సాక్ష్యమిచ్చును, మనము సంతోషింతుము. కాని పొలము గట్టు విషయమై అన్నమీద పెట్టుకొన్న పగ అతనిలో పండుకొనియుండును. పంపకముల దినమున లేచును. సారా కంటికి కనబడెను గనుక దానిని అందరము గద్దించితిమి. పగనుగూర్చి ఎవరు అడిగిరి?

అయితే పరిశోధన సాగినకొలది మరియొకటి తెలిసినది. మూలకణములు వేరు జాతి, తక్కినవి వేరు జాతి అను గీత స్థిరమైనది కాదు. పరిస్థితులనుబట్టి సామాన్యమైన కాన్సరు కణము సైతము మూలకణపు గుణము పొందగలదు. మనకు గీతలు గీయుట ఇష్టము. ఫలాని కుటుంబమే కలహములకు వేరు, వారిని వెలివేసినయెడల సంఘము శుద్ధియగునని తలంచుదుము. వెలివేసిన మరుసటి సంవత్సరమే, నిన్నటివరకు నెమ్మదిగానున్న వేరొక ఇంటిలో అదే కలహము పుట్టును. గురుగులను పెరుకబోయిన దాసులను యజమానుడు ఆపిన ఉపమానము మనకు కంఠతా వచ్చును గాని, సంఘపు కమిటీలో కూర్చున్నప్పుడు జ్ఞాపకము రాదు.

ఇంకొక మాట, మాకు దీనికంటెను బరువైనది. కాలేజపు కాన్సరు అనగానే “త్రాగెనేమో” అని గుసగుసలాడుదురు. త్రాగుడు ఒక కారణమే. అయితే హెపటైటిస్ బి, సి అను వైరసులు లోకములో దీనికి ముఖ్య కారణములు. బి వైరసు అనేకులకు పుట్టుకలోనే తల్లినుండి అంటును. బూజుపట్టిన వేరుసెనగలోను మొక్కజొన్నలోను పుట్టు అఫ్లటాక్సిన్ అను విషమువలనను ఇది వచ్చును. పుట్టు గ్రుడ్డివానిగూర్చి, పాపము వీనిదా, వీని కన్నవారిదా అని శిష్యులడుగగా ప్రభువు ఆ రెండింటిని కాదనెను. కల్లు ఎన్నడు ముట్టని తల్లి ఈ రోగముతో మందిరములో చాపమీద కూర్చుండి వినుచుండగా, ఆమె కంతిని పాపమునకు ఉపమానముగా చెప్పుట ధర్మమా? కాదని మా అభిప్రాయము. ఉపమానమునకు తుంగ చాలును.

తైవాను దేశము 1984లో పుట్టిన బిడ్డలకు హెపటైటిస్ బి టీకా వేయనారంభించెను. తరువాత అక్కడి పిల్లలలో కాలేజపు కాన్సరు తగ్గెను. మన ప్రభుత్వ ఆసుపత్రులలోను ఆ టీకా ఉచితముగా వేయుదురు. మొదటిది బిడ్డ పుట్టిన 24 గంటలలోపు పడవలెను. నెలలు నిండిన స్త్రీకొరకు ప్రార్థింప వెళ్లు స్త్రీల సమాజమువారు ఆ మాటయు చెప్పి రావచ్చును.