ఉంగరమూ, అద్దె రసీదూ

నిండుసభలో దుష్యంతుడు శకుంతలను ఎరుగనన్నాడు. నన్నయ భారతంలో ఆమె పక్షాన అశరీరవాణి పలికింది; కాళిదాసు నాటకంలో ఉంగరం సాక్ష్యమయింది. యీనాడు కెనడాలో అద్దె ఒప్పందం ఆ పని చేస్తోంది.

పెండ్లి లేకుండా కనీసం వొక సంవత్సరం కలిసి కాపురం చేసిన జంటను ఆ దేశపు 2002 నాటి వలస నిబంధనలు గుర్తిస్తాయి. భాగస్వామి హోదాలో పని అనుమతి కోరేవారు ఉమ్మడి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, యిద్దరి పేర్లున్న కరెంటు బిల్లుల వంటివి చూపుతారు.

తాళి అడగని చట్టం అభ్యుదయకరమే. దొంగ సంబంధాలు కల్పించేవారు ఉన్నప్పుడు రుజువు అడగటమూ అన్యాయం కాదు. అయితే యీ కాగితాలు రుజువు చేసేది దేనిని? ఉమ్మడి ఆస్తిని, ఉమ్మడి ఖర్చును. యిల్లూ ఖాతా పురుషుని పేర ఉంటే, వండి వార్చి, జబ్బులో సేవ చేసిన స్త్రీ శ్రమకు రసీదు ఏదీ? తల్లిదండ్రులకు వెరచి కాపురం దాచుకొన్నవారికి సాక్షులెవరు?

పీడన వల్ల కలిసి ఉండలేకపోయినవారికి ఆ నిబంధనలే మినహాయింపు నిచ్చాయి. అంటే, కాగితం లేని కాపురం ఉండగలదని చట్టమే వొప్పుకొన్నది. ఆ దారి యింకా వెడల్పు కావాలి.

రాజ్యం రుజువు అడగవచ్చు. కాని ఆస్తి లేనివారి జీవితాన్ని కూడా రుజువుగా చదవటం అది నేర్చుకోవాలి. లేకుంటే ఉంగరం జారిపోయిన ప్రతి శకుంతలా అబద్ధాలాడినట్లే అవుతుంది.