చీటి వేయుట న్యాయమా?

తెలివి తప్పి పడియున్న రోగికి ఏ చికిత్స చేయవలెనో చీటి వేసి తేల్చుట న్యాయమా? పొలమునకు నీటి వంతు అట్లు తేల్చుకొందుము గాని, మనిషి ప్రాణమునకు చీటి ఏమిటని అడుగుదుము. తొందరపడక ఈ సంగతి విచారింతము.

గుండె ఆగి మరల కొట్టుకొన నారంభించినవారిలో అనేకులు వెంటనే కన్ను తెరవరు. రక్తము అందని ఆ కొద్ది నిమిషములలోనే మెదడు దెబ్బతినును. తరువాత వచ్చు జ్వరము ఆ దెబ్బను హెచ్చించునని వైద్యుల భయము. కాబట్టి దేహమును చల్లబరచుట మేలని తలంచిరి. మన సహజమైన వేడిమి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు. 2002లో ఆస్ట్రేలియాలో 77 మందిని, ఐరోపాలో 275 మందిని పరీక్షించి, 33 డిగ్రీల ప్రాంతమునకు చల్లబరచినవారు ఎక్కువగా కోలుకొనిరని ప్రకటించిరి. అనేక ఆసుపత్రులలో అదే వాడుక ఆయెను.

అయితే ఆ లెక్కకు వచ్చినవారు కొద్దిమందియే. మేలు కలిగినది చల్లదనము వలననా, జ్వరము రాకపోవుట వలననా? 2013లో 33 డిగ్రీలను 36 డిగ్రీలతో పోల్చిచూడగా భేదము కనబడలేదు. అందుచేత 14 దేశములలో 1900 మంది రోగులను చీటి చొప్పున రెండు భాగములు చేసిరి. ఒక భాగమును 33 డిగ్రీలకు చల్లబరచిరి. రెండవ భాగమునకు జ్వరము రాకుండ మాత్రము కాచిరి. కోలుకొనుదురో లేదో అంచనా వేయు వైద్యునికి ఎవరికి ఏ చీటి పడినదో తెలియనియ్యలేదు. 2021లో ఫలితము వెల్లడియాయెను. ఆరు నెలలలో మొదటి భాగమున నూటికి 50 మంది, రెండవదానిలో 48 మంది మరణించిరి. అది భేదమని చెప్పదగినది కాదు. పైగా గుండె లయ తప్పి రక్తప్రసరణకు చేటు కలుగుట చల్లబరచినవారిలోనే అధికము: నూటికి 24 మందికి, రెండవవారిలో 17 మందికి.

ఇందులో వైద్యులు రోగికి ద్రోహము చేసిరందుమా? మేలైనది ఇదియని తెలిసియుండి, దానిని ఒకనికిచ్చి మరియొకనికి మానిన యెడల ద్రోహమే. తెలియనప్పుడు తెలిసినట్లు నటించుట మాత్రము ప్రేమ యగునా? యూదా స్థానమునకు అపొస్తలులు చీట్లు వేసిరి. ఇద్దరును తగినవారుగా కనబడిరి గనుకనే వేసిరి. ఒకడు తగడని యెరిగియుండిన చీటితో పనియేమి?

అయినను ఒక చిక్కు మిగులుచున్నది. తెలివిలేనివానిని సమ్మతి అడుగుటెట్లు? ఆయా దేశముల చట్టము ననుసరించి కొన్నిచోట్ల బంధువులను అడిగిరి, కొన్నిచోట్ల తరువాత అడిగిరి. తెలివి వచ్చి తానే నిర్ణయించుకొనగలిగిన రోగిని తిరిగి అడిగిరి. ఇది చిన్న సంగతి కాదు. నోరులేనివాడు మన చేతిలోనున్నాడని అతని హక్కు పోదు.

నేడు వైద్యులు ముఖ్యముగా జ్వరము రాకుండ కాచుచున్నారు. ఈ తెలివి ఊరకే రాలేదు. బ్రదికినవారును మరణించినవారును తామెరుగకయే దానిని మనకిచ్చిరి. కావున మన యింటివాడు అట్టి మంచముమీద నున్నప్పుడు, “మాకింకను తెలియదు” అని ఒప్పుకొను వైద్యుని నిందింపకుందము. ఆ మాట చెప్పుటకు ధైర్యము కావలెను.