ఇరుకు దారిలో తల్లీకూతుళ్లు

కారులో ఇంగ్లండ్ పల్లెలు చూడబోయే తల్లీకూతుళ్లు పెద్ద రోడ్డు వదిలి, డెవన్ కౌంటీ ఇరుకు దారుల్లోకి దిగడమే మేలంటాను. అక్కడ రెండు పక్కలా మనిషెత్తు మట్టిగట్లు, వాటి మీద దట్టమైన పొదలు. ఆ గట్లలో చాలావి మధ్యయుగాల నాటివి. చట్టం గంటకు 60 మైళ్ల దాకా ఒప్పుకున్నా మలుపులు ఒప్పుకోవు. ఎదురుగా ట్రాక్టరొస్తే కూతురు బండిని వెనక్కి నడపాలి, అమ్మ మెడ తిప్పి గట్టు ఎంత దగ్గరో చెప్పాలి. ఇంట్లో సలహా అంటే విసుక్కునే పిల్లకి ఇక్కడ అదే కావాలి మరి. రైలు హాయి కదా అనొచ్చు. నిజమే, కానీ రైల్లో ఎవరి కిటికీ వారిది. ఇరుకులో గొడవలు రావా? వస్తాయి; ముఖాముఖి కాక పక్కపక్కన కూర్చున్నవాళ్ల గొడవ, ట్రాక్టరతను చెయ్యెత్తి థాంక్స్ చెప్పి దాటేలోపు సగం చల్లారుతుంది.