ఇండక్షన్ పొయ్యి, వంటపాత్ర, ద్రవ్యశుద్ధి

మంట లేని పొయ్యి మీద వండిన అన్నం నివేదనకు తగునా, తగితే దానిని ఏ లోహపు పాత్రలో వండాలి అన్న ప్రశ్నలో రెండు వేర్వేరు యోగ్యతలు కలగలిసి ఉన్నాయి. పాత్ర వేడెక్కగలదా అన్నది మొదటిది. ఇది పదార్థ స్వభావానికి సంబంధించినది. పాత్ర శుచిగా ఉన్నదా అన్నది రెండోది. దీనిని ధర్మశాస్త్రాలు ద్రవ్యశుద్ధి, అంటే మైలపడిన వస్తువును తిరిగి వాడుకకు తెచ్చుకొనే విధి, అన్న పేరుతో చర్చించాయి.

శ్రీకాకుళం జిల్లాలోని బుడితి వంటి ఊళ్లు కంచు, ఇత్తడి సామానుకు పేరుపడ్డాయి. పూజగదిలో గౌరవం ఇనుముకన్నా ఇత్తడికే. ఇండక్షన్ పొయ్యి ఈ వరుసను తారుమారు చేస్తుంది.

పొయ్యి గాజుపలక కింద ఉన్న రాగితీగ చుట్టలో సెకనుకు 20 వేల సార్లకు పైగా దిశ మారే విద్యుత్తు ప్రవహించి, నిరంతరం మారే అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుంది. ఆ క్షేత్రం పాత్ర అడుగులో సుడి ప్రవాహాలను, అంటే లోహం లోపలే గుండ్రంగా తిరిగే విద్యుత్తును, పుట్టించగా, దానికి లోహం చూపే నిరోధం వల్ల వేడి జనిస్తుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోవు, పైగా వాటి నిరోధం తక్కువ. కనుక ఇళ్లలో వాడే పొయ్యిల మీద అవి తగినంతగా వేడెక్కవు. మట్టికుండలోనైతే విద్యుత్తే పారదు. స్టీలులోనూ భేదం ఉంది: సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం సాధారణంగా అయస్కాంతానికి అంటదు, నికెల్ దాదాపు లేని 430 రకం అంటుతుంది. అల్యూమినియం కుక్కరు అడుగున స్టీలు పలక అతికించడం ఇందుకే. గిన్నె అడుగున ఆనించిన అయస్కాంతం జారిపోకుండా గట్టిగా పట్టుకొని, అడుగు చదునుగా ఉంటే, మొదటి యోగ్యత తేలినట్టే.

మంట లేని పాకాన్ని అగ్నిపాకం అనవచ్చునా అన్నది తరువాతి సందేహం. తర్కసంగ్రహమనే న్యాయగ్రంథ కర్త, తెలుగు పండితుడు అన్నంభట్టు అగ్నితత్త్వమైన తేజస్సును వేడి స్పర్శ గల ద్రవ్యంగా నిర్వచించాడు. జ్వాల ఆ లక్షణంలో భాగం కాదు. వస్తువు రంగు, రుచి, వాసన, స్పర్శలను మార్చే తేజస్సు తాకిడే న్యాయశాస్త్రంలో పాకం కాబట్టి, బియ్యం అన్నంగా మారినచోట పాకం జరిగినట్టే. అయితే వండిన అన్నంలో కొంత అగ్నిలో వేల్చే వైశ్వదేవానికి ఈ పొయ్యి చాలదు, ఎందుకంటే అక్కడ ఆహుతిని అందుకొనే అగ్ని కంటి ఎదుట ఉండాలి. అన్నం వండడానికి చాలిన వేడి హోమానికి చాలదన్న ఈ హద్దును దాచడం సరికాదు.

ఇక శుచి విషయం. మనుస్మృతి అయిదో అధ్యాయం రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసాలను ఒకేచోట పేర్కొని, క్షారంతో, పులుపుతో, నీటితో తగినట్టు శుద్ధి చేయమంటుంది. ఇత్తడి బిందెకు చింతపండు పులిమి, బూడిదతో తోమి, నీళ్లు పోసి కడిగే ఇల్లాలి చేతిలో ఆ మూడూ కనిపిస్తాయి. ఈ విధి ఇనుమును వెలివేయలేదు. 20వ శతాబ్దంలో వాడుకకు వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు స్మృతుల్లో లేకపోయినా, అది ఇనుము ప్రధానంగా గల మిశ్రమలోహం కనుక, ఒకదానికి చెప్పిన విధిని దానివంటి మరొకదానికి వర్తింపజేసే అతిదేశ న్యాయం ఇక్కడ సరిపోతుంది.

సంప్రదాయం పాత్రను నియమించిన చోట ఈ వాదం చెల్లదు. పూరీ జగన్నాథుని మహాప్రసాదం మట్టికుండల్లో, కట్టెల మంట మీదే వండాలి. అటువంటి నియమం లేని ఇంట్లో అయస్కాంతం పట్టిన గిన్నెలో వండి, తోమిన ఇత్తడి పళ్లెంలో నివేదిస్తే ఆచారానికీ లోపం లేదు, వంటకూ ఆటంకం లేదు. పాత్రను కొనేటప్పుడు అయస్కాంతం చెప్పేది పొయ్యికి పనికివస్తుందా అన్నంతవరకే. అది నైవేద్యానికి తగునా అన్నది కడిగే శ్రద్ధను బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.