పాత వస్తువు – అమ్మేవాని ధర్మం

తమిళనాడులోని కారైక్కుడిలో మునీశ్వరన్ కోవెల వీధి అంగళ్లలో బర్మా టేకు స్తంభాలు, ఎనామిల్ గిన్నెలు, రవివర్మ చిత్రాల అచ్చు ప్రతులు పక్కపక్కనే కనిపిస్తాయి. 1942లో యుద్ధం బర్మాను తాకడంతో చెట్టియార్ల వ్యాపారాలు దెబ్బతిన్నాయి. కాలక్రమంలో శిథిలమైన వారి భవనాల సామగ్రి ఈ వీధికి చేరింది.

ఒక ఇంటి క్షయం మరొక ఇంటికి అలంకారమైనప్పుడు అమ్మేవాని ధర్మమేమిటి? 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం నూరేళ్లు నిండిన కళాఖండాలను, చారిత్రక వస్తువులను, డెబ్బై ఐదేళ్లు నిండిన విలువైన రాతప్రతులను పురావస్తువులుగా గుర్తించి, వాటి వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అరవై ఏళ్ల నాటి అద్దం విషయంలో ఆ చట్టం మౌనం వహిస్తుంది. అక్కడ అంగడివాని మనస్సాక్షే ప్రమాణం.

యజమాని చిత్రకారుడైతే ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. వెలిసిన రంగును నిలబెట్టగల చేయే కొత్త చెక్కకు పాతదనాన్ని పూయగలదు. ఆ తేడా కొనేవానికి తెలియదు, అతనికి తెలుసు. కనుక వస్తువు ఎక్కడిది, ఎంత పాతది, అందులో తన పనితనం ఎంత అన్నది చెప్పడం అతని విధి. అలా చెబితే ధర తగ్గవచ్చు. ఆ తగ్గిన మొత్తమే నిజాయితీకి అతడు చెల్లించే మూల్యం.